నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఏ నెల పెద్దది? గోడపత్రికకు తారీఖులు కావాలి

కావలి టీచరమ్మ | శనివారం సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. మా హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లల చేత గోడపత్రిక పెట్టిస్తున్నాను. "చరిత్రలో ఈ నెల" అని ఒక చార్టు ఉండాలని పిల్లలే అడిగారు. ఏ నెల పెట్టాలన్నది నాకే వదిలేశారు. నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఒకే తంతు: హాలీవుడ్ నటుడి పుట్టినరోజు, ఏదో దేశపు రాజుగారి పట్టాభిషేకం. అవి రాసి పెడితే ఇంటర్వెల్లో ఒక్కరు కూడా ఆగి చదవరు.

మన నెల్లూరు, ప్రకాశం వాళ్లకు "అరె, ఇది మన దగ్గరే కదా" అనిపించే తారీఖులు ఏ నెలలో ఎక్కువ పడతాయో చెప్పండి. పుట్టినరోజులు కూడా కావాలి. ఉత్త తారీఖు చెప్పి వదిలేయకుండా, అదెందుకు ముఖ్యమో ఒక ముక్క రాయండి. పిల్లలు ఎటూ నన్నే అడుగుతారు.

ఒంగోలు గిత్త | 6:52

ఇందులో ఆలోచించడానికేముంది టీచర్ గారూ, ఆగస్టు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. సరిగ్గా అదే తారీఖున 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. నెల్లూరు వాళ్లు అలగకుండా ఆగస్టు 5 కూడా రాసుకోండి: 1907లో బుచ్చిరెడ్డిపాలెంలో బెజవాడ గోపాలరెడ్డి గారి జననం. శాంతినికేతన్‌లో చదివి, ఠాగూర్‌ను తెలుగులోకి తెచ్చిన మనిషి, ముఖ్యమంత్రి కూడా అయ్యారు. పైగా ఆగస్టు 15 బోనస్. చార్టు నిండిపోయింది.

తిప్పరాజువారి వీధి | 7:05

జూన్‌ను మించిన నెల లేదన్నా. జూన్ 4, 1946 మన గాయకుడు ఎస్పీ బాలు గారి పుట్టినరోజు. ఆయన పెరిగిన ఇల్లు మా వీధిలోనే. 2020 ఫిబ్రవరిలో ఆ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి రాసిచ్చేశారు. అదే ఏడు సెప్టెంబర్ 25న ఆయనే లేకుండా పోయారు. జూన్ 6, 1936 కారంచేడులో నిర్మాత డి. రామానాయుడు గారు పుట్టారు. జూన్ 2, 1889 దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు పుట్టిన రోజు, 1928లో జూన్ 10నే పోయారు కూడా. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టం పొమ్మని చీరాల, పేరాల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించి ఊరి బయట పాకల్లో ఉంచిన నాయకుడు ఆయన.

మైపాడు అల | 7:11

జూన్ అంటే గుర్తొచ్చింది. మా నాన్న తరంలో సగం మందివి జూన్, జూలై పుట్టినరోజులే. బడిలో వేసేటప్పుడు అయ్యవారు పిల్లాడిని ఎగాదిగా చూసి, లెక్క సరిపోయేటట్టు ఒక తారీఖు రాసేసేవాడు. మా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములకు రికార్డులో నాలుగు నెలలే తేడా. పెన్షన్ కాగితాలప్పుడు ఆ ఇద్దరినీ చూసి ఆఫీసులో వాళ్లు తల పట్టుకున్నారు. కాబట్టి టీచరమ్మా, పాతకాలం వాళ్ల పుట్టినరోజులు రాసే ముందు కాస్త చూసుకోండి.

సూళ్లూరుపేటోడు | 7:30

అక్టోబర్. ఇంకో మాటే లేదు.

1971 అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ లేచింది. రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్. అది ఉపగ్రహాన్ని మోసేది కాదు, పై వాతావరణాన్ని పరీక్షించేది. 1994 అక్టోబర్ 15న ఉపగ్రహాలను మోసే పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి సక్సెస్ అయింది. అంతకు ముందు ఏడు సెప్టెంబర్‌లో మొదటి ప్రయత్నం పోయింది, అందుకే ఆ రెండోదానికి అంత టెన్షన్. అక్టోబర్ 15 అంటే అబ్దుల్ కలాం గారి పుట్టినరోజు కూడా, 1931. మన శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ ప్రాజెక్టుకు డైరెక్టర్ ఆయనే. 2001 అక్టోబర్ 22న పీఎస్‌ఎల్‌వీ-సీ3. మళ్లీ 2008 అక్టోబర్ 22న, ఉదయం 6:22కి, చంద్రయాన్-1. 2022 అక్టోబర్ 23 అర్ధరాత్రి దాటాక ఎల్‌వీఎం-3 మీద 36 వన్‌వెబ్ ఉపగ్రహాలు. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ కోసం మొదటి అబార్ట్ టెస్ట్ (ప్రమాదమొస్తే వ్యోమగాములను బయటపడేసే పరీక్ష), టీవీ-డీ1.

చంద్రయాన్-1 రోజు తెల్లవారుజామున మా మిద్దె మీద ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నాం. ముసురు పట్టిన ఆకాశం, ఈశాన్య రుతుపవనాల టైము కదా. ముందు మబ్బు లోపలి నుంచి నారింజ రంగు వెలుగు కనిపించింది, శబ్దం లేదు. మా పేట నుంచి లాంచ్ ప్యాడ్‌కి ఉన్న దూరానికి శబ్దం చేరాలంటే సుమారు నిమిషం పడుతుంది. వెలుగు మబ్బుల్లో కలిసిపోయి, "అయిపోయిందా?" అని మా అత్త అడుగుతున్నప్పుడు గుడగుడమంటూ వచ్చింది. కిటికీ రెక్కలు అదిరాయి. సైన్సు టీచరుంటే ఈ ఒక్క సంగతితో వెలుగు వేగం, శబ్దం వేగం పాఠం చెప్పేయొచ్చు.

ఒంగోలు గిత్త | 7:38

తమ్ముడూ, బాగుంది గానీ శ్రీహరికోట ఇప్పుడు నెల్లూరులో లేదే! 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. ఈ రాకెట్లన్నీ తీసి పక్కన పెట్టండి.

సూళ్లూరుపేటోడు | 7:40

ఆ మాటకొస్తే చీరాల, కారంచేడు బాపట్లకు పోయాయి. జూన్ లిస్టులో ఇక బాలు గారొక్కరే మిగులుతారు.

తిప్పరాజువారి వీధి | 7:41

నన్నెందుకబ్బా మధ్యలో లాగుతారు 😄

ఉదయగిరి మాస్టారు | రాత్రి 8:25

భోజనం చేసి వచ్చేసరికి జిల్లాలు పంచేసుకున్నారు! నేను ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి, నా పద్ధతి చెబుతాను. ఒక సంఘటన జరిగిన రోజున ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో, ఆ జిల్లా ఖాతాలోనే రాయాలి. 1971లోనూ, 2008లోనూ శ్రీహరికోట నెల్లూరు జిల్లాయే, కాబట్టి మొదటి రాకెట్టూ చంద్రయాన్-1 మనవే. 2022 అక్టోబర్‌ది, 2023 అక్టోబర్‌ది తిరుపతి వాళ్లకు వదిలేద్దాం. సూళ్లూరుపేట అబ్బాయికి కోపం రావచ్చు గానీ, పద్ధతి పద్ధతే.

గిత్త గారూ, ఇప్పుడు మీ వంతు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోది. గుంటూరు జిల్లాను 1859లో రద్దు చేశారు. 1904 అక్టోబర్ 1న దాన్ని మళ్లీ ఏర్పాటు చేసినప్పుడు కృష్ణా జిల్లా నుంచి కొంత భాగం, నెల్లూరు జిల్లా నుంచి ఒంగోలు తాలూకా తీసి అందులో కలిపారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా అని కొత్తగా పెట్టారు. దానికి గుంటూరు నుంచి ఒంగోలు వైపు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు ఇచ్చారు. 1972లో దానికి ప్రకాశం అని పేరు మార్చారు.

ఈ లెక్కన 1872లో పుట్టిన పంతులు గారు ఏ జిల్లా వారో మీరే చెప్పండి.

సూళ్లూరుపేటోడు | 8:27

నెల్లూరే నెల్లూరే!! మాస్టారూ, 2022, 2023 రాకెట్లు రెండూ తిరుపతికే ఇచ్చేయండి, నాకేం కోపం లేదు.

ఒంగోలు గిత్త | 8:34

పేరేమో మా జిల్లాకు, పుట్టుకేమో మీ ఖాతాలోకా? మాస్టారూ, ఇది బాలేదు. పోనీ గిత్తలైనా మావని ఒప్పుకుంటారా?

మైపాడు అల | 8:36

ఒంగోలు గిత్త కూడా 1904కి ముందు నెల్లూరు గిత్తేనేమో 😂 పాత ఇంగ్లీషు రికార్డుల్లో నెల్లూరు పశువులనే రాసేవాళ్లు. బ్రెజిల్ వాళ్లు ఈనాటికీ ఆ జాతిని "నెలోరి" అనే పిలుస్తారు, కావాలంటే చూసుకోండి.

ఒంగోలు గిత్త | 8:37

నేను లాగౌట్ అవుతున్నా.

వింజమూరు కోడలు | 9:10

అన్నలూ, మగవాళ్ల పుట్టినరోజులు, రాకెట్లు అయ్యాయా? అక్టోబర్ 1, 1993 ఒక్కరికీ గుర్తు రాలేదా? రాష్ట్రమంతా సారా నిషేధం అమల్లోకి వచ్చిన రోజు అది. మొదలైంది మన జిల్లాలోనే.

మా అత్తగారు చెప్పినదే రాస్తున్నా. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. పగలంతా కలుపు తీసి, రాత్రి వంట ముగించుకుని, పలకా బలపం పట్టుకుని అరుగు మీద లైటు కిందికి వెళ్లేవాళ్లు. మా అత్తగారు మొదట నేర్చుకున్నది తన పేరు రాయడం. రేషన్ షాపులో వేలిముద్ర కోసం ఇంకు డబ్బా ముందుకు తోస్తే, "పెన్ను ఇవ్వు" అన్నదట. ఆ మాట ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

ఆ చదువుల్లో వాళ్లు చదివింది తమ బతుకునే. సారా తాగి మొగుడు కూలి డబ్బులు తగలేయడం, ఇంట్లో పిల్లలు పస్తులుండటం. రాత్రి బళ్లో పది మంది ఆడవాళ్లు ఒక చోట కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? ఇదే. దుబగుంటలో రోశమ్మా, ఆ ఊరి ఆడవాళ్లూ కలిసి ఊళ్లోకి సారా రాకుండా చేశారు. ఆ ఊరి కథే తర్వాత వయోజనుల వాచకంలో పాఠంగా వచ్చింది. దాన్ని చదివి పక్క ఊరి వాళ్లు "వాళ్లు చేసింది మనం చేయలేమా" అనుకున్నారు. అట్లా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకింది. ప్యాకెట్లు తెచ్చే వాళ్లను పొలిమేరలోనే ఆపేవాళ్లు, దొరికినవి తగలబెట్టేవాళ్లు. 1992లో నెల్లూరులో సారా వేలం పాట పెడితే ఆడవాళ్లు వెళ్లి అడ్డుపడ్డారు. పాట మళ్లీ మళ్లీ వాయిదా పడింది. గుత్తేదార్లకు ఇంత పలుకుబడి ఉండి, ప్రభుత్వానికి ఇంత ఆదాయం వస్తూ కూడా పాట జరగలేదంటే ఆలోచించండి.

టీచరమ్మ గారూ, ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది రాయాలా వద్దా అని సందేహపడకండి. వాళ్ల నాయనమ్మలు, అమ్మమ్మలు ఆ వాచకం చదివినవాళ్లే అయి ఉంటారు. ఇంటికి వెళ్లి అడిగి రమ్మనండి.

కావలి టీచరమ్మ | 9:22

అక్కా, మీ పోస్టు చదివి అక్టోబర్‌కే తేలిపోతున్నాను. పిల్లలను ఇంట్లో అడిగి రమ్మనే ఆలోచన చాలా బాగుంది. ఒక సందేహం. సారా నిషేధమూ, మొత్తం మద్యనిషేధమూ ఒకటేనా? తేడా చార్టులో స్పష్టంగా ఉండాలి.

ఉదయగిరి మాస్టారు | 9:48

రెండూ వేరమ్మా. 1993 అక్టోబర్ 1న కోట్ల విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వం ఆపింది సారాను మాత్రమే. మొత్తం మద్యనిషేధం ఎన్టీఆర్ మళ్లీ గెలిచాక 1995 జనవరి 16 నుంచి. దాన్ని 1997లో సడలించారు. ఉద్యమం ఉధృతంగా ఉన్న 1992లో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు, మన వాకాడు మనిషే. ఆయన దిగిపోయింది కూడా ఆ అక్టోబర్‌లోనే.

అక్టోబర్ 1 గురించి ఇంకొకటి చెప్పాలి. 1953లో సరిగ్గా అదే రోజున కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆఫీసులకు బిల్డింగులు చాలక గుడారాల్లో పని చేశారు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అయ్యేదాకా ఆ రాష్ట్రానికి ఇద్దరే ముఖ్యమంత్రులు: మొదట ప్రకాశం పంతులు, 1955 మార్చి నుంచి బెజవాడ గోపాలరెడ్డి. మధ్యలో కొన్ని నెలలు రాష్ట్రపతి పాలన. ఒకరిది వినోదరాయునిపాలెం, ఇంకొకరిది బుచ్చిరెడ్డిపాలెం. గిత్త గారు లాగౌట్ అవకుండా చదువుతూ ఉంటే, ఈ తారీఖు రెండు జిల్లాలకూ సమానమే.

పంతులు గారి ప్రభుత్వం ఎందుకు పడిపోయిందో తెలుసా? మద్యనిషేధం మీదే. నిషేధం ఎత్తేయమని ఒక కమిటీ సిఫారసు చేసింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబర్‌లో అవిశ్వాస తీర్మానం పెడితే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఆ రాష్ట్రం పుట్టి సరిగ్గా నలభై ఏళ్లు నిండిన రోజున, 1993 అక్టోబర్ 1న, నెల్లూరు ఆడవాళ్ల పోరాటం వల్ల సారా పోయింది. ఆ తారీఖును ఎవరూ కావాలని ఎంచుకున్నారని నేననను. కానీ ఒకే గడిలో ఈ రెండూ పక్కపక్కన రాసి, మధ్యలో 1954 నవంబర్ సంగతి చిన్నగా పెడితే పిల్లలకు తారీఖుల వెనక కథ దొరుకుతుంది. ఉత్త తారీఖులు బట్టీ పట్టించడం నాకు సర్వీసులో ఉన్నప్పుడూ ఇష్టం ఉండేది కాదు.

మూలాపేట కోనేరు | 10:15

రాష్ట్రం వచ్చిన రోజు రాస్తూ, అది రావడానికి ప్రాణం ఇచ్చినాయన్ని మరిచిపోతే ఎట్టా మాస్టారూ? పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహార దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబర్ 19న. డిసెంబర్ 15 రాత్రి పోయారు. పిల్లల చేత వేళ్ల మీద లెక్క పెట్టించండి: అక్టోబర్‌లో 13 రోజులు, నవంబర్ 30, డిసెంబర్ 15, మొత్తం 58. ఆయన పోయిన నాలుగు రోజులకు, డిసెంబర్ 19న, రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు.

మా పేట వాళ్లకు ఆయన వేరే విధంగా గుర్తు. 1946లో మా వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని దీక్ష చేశారు. తర్వాత రోజుల్లో కాళ్లకు చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, అంటరానితనం పోవాలని రాసిన అట్టలు మెడలో వేసుకుని నెల్లూరు ఎండలో వీధి వీధీ తిరిగేవారు. పిచ్చివాడు అన్నవాళ్లు కూడా ఉన్నారు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం, బస్టాండుల్లో విగ్రహాలు పెట్టుకున్నాం. కానీ ఆ అట్టల సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పేదంతా ఆ 58 రోజుల గురించే.

తిప్పరాజువారి వీధి | 10:22

చాలా బాగా రాశారన్నా. కానీ ఆయనకు మామూలుగా డిసెంబర్‌లో కదా పెడతారు, వర్ధంతికి?

మూలాపేట కోనేరు | 10:26

పెడతారు. పూలదండ వేసి, ఫొటో దిగి వెళ్లిపోతారు. మొదలుపెట్టిన రోజు రాస్తే పిల్లలు "ఎందుకు మొదలుపెట్టాడు" అని అడుగుతారు. పోయిన రోజు రాస్తే "పాపం" అని ఊరుకుంటారు. నాకు అక్టోబరే నయమనిపిస్తుంది.

మైపాడు అల | ఆదివారం ఉదయం 7:50

అందరూ సీరియస్ అయిపోయారు, కాస్త నవ్వు కూడా ఉండాలి కదా. అక్టోబర్ 1, 1921: నటుడు రమణారెడ్డి పుట్టినరోజు, మన జగదేవిపేట. సినిమాల్లోకి పోకముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం చేశాడాయన. అల్లు రామలింగయ్య గారు సరిగ్గా ఏడాది తర్వాత అదే తారీఖున, 1922 అక్టోబర్ 1న పుట్టారు, పాలకొల్లులో. ఇద్దరు హాస్యనటులు ఒకే రోజు! ఒకరు గడకర్ర, ఇంకొకరు పొట్టి. పిల్లలు బొమ్మలు గీయాలంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఒంగోలు గిత్త | 8:15

మళ్లీ వచ్చాను. మా వైపు నుంచి కూడా ఒకటి పెట్టండి. దర్శకుడు టి. కృష్ణ గారు పోయింది 1986 అక్టోబర్ 21న, నలభై కూడా నిండలేదు. ఒంగోలు దగ్గర కాకుటూరివారిపాలెం ఆయనది. తీసినవి కొన్నే గానీ, అన్యాయాన్ని నిలదీసే సినిమాలు. మా వాళ్లకు ఆయనంటే ఇప్పటికీ అభిమానం.

అక్టోబర్ 1 మీద మాస్టారు చెప్పింది చదివాను. సగం మాది అన్నారు కాబట్టి రాజీ. కానీ ఆగస్టు చార్టు వచ్చే ఏడు ఖాయం, ఇక్కడే అందరి ముందూ మాటివ్వాలి.

సూళ్లూరుపేటోడు | 8:31

బయటి సంగతులు కూడా రెండు మూడు ఉండాలనుకుంటే: 1957 అక్టోబర్ 4న రష్యా వాళ్ల స్పుత్నిక్. మనిషి చేసిన మొదటి ఉపగ్రహం అదే. అందుకే అక్టోబర్ 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు చేస్తారు. మన మొదటి రోహిణి 9వ తారీఖు సరిగ్గా ఆ వారంలోకే వస్తుంది. అక్టోబర్ నుంచే నేలపట్టుకు పక్షులు కూడా దిగడం మొదలవుతుంది. గూడబాతులు, కొంగలు. చార్టు అంచుల్లో బొమ్మలకు పనికొస్తాయి.

ఇంకో తమాషా: 1582 అక్టోబర్‌లో 4 తర్వాతి రోజు 15. పాత కేలండర్ సూర్యుడి కంటే వెనకబడిపోయిందని పోప్ గ్రెగరీ పది రోజులు తీసేశాడు. ఆ కేలండర్ పాటించిన దేశాల్లో ఆ ఏడు అక్టోబర్ 9 లేనే లేదు! మా వాడికి చెబితే "ఆ రోజు పుట్టినరోజు ఉన్నవాళ్ల కేకు సంగతేంది" అన్నాడు.

వింజమూరు కోడలు | 8:40

గాంధీ గారు, లాల్ బహదూర్ శాస్త్రి గారు ఇద్దరిదీ అక్టోబర్ 2. అది ప్రతి బళ్లోనూ రాస్తారు. మనం రాసేటప్పుడు పక్కన పల్లిపాడు ఆశ్రమం రాయండి. పెన్నా ఒడ్డున దాన్ని గాంధీ గారే 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. పిల్లలను ఒక ఆదివారం తీసుకెళ్లొచ్చు కూడా.

కావలి టీచరమ్మ | 9:30

అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడే కూర్చుని చార్టు పెన్సిల్‌తో గీసి చూశాను. అన్నీ సమానంగా గళ్లు కొడితే కుదరదు, అందుకే అక్టోబర్ 1కి పైన పొడుగ్గా ఒక పట్టీ వదిలాను: 1904, 1921, 1953, 1993. మాస్టారు చెప్పినట్టు 1954 నవంబర్ సంగతి పట్టీ మధ్యలో చిన్న అక్షరాలతో. దాని కింద ఎడమవైపు 19వ తారీఖు, శ్రీరాములు గారు. మెడలో అట్టలతో నడిచే బొమ్మ గీస్తానని ఒక పాప ముందుకొచ్చింది. కుడివైపు 9, 15, 22 రాకెట్లు, కలాం గారు. గాంధీ గారు, శాస్త్రి గారు, స్పుత్నిక్, టి. కృష్ణ గారు ఒక్కో లైను. 1582 మాయమైన రోజులు అడుగున, క్విజ్ ప్రశ్నగా.

సారా ఉద్యమం గురించి చార్టులో నేను ఏమీ రాయడం లేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పిల్లలు తెచ్చిన నాలుగైదు మాటలు వాళ్ల చేతిరాతతోనే అంటిస్తాను. ట్యూషన్‌కి వచ్చే ఇద్దరికి నిన్న రాత్రే చెబితే, ఒకడు ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి "మేడం, మా జేజి ప్యాకెట్లు తగలబెట్టిందంట!" అన్నాడు. వాడి గొంతులో గర్వం చూడాలి.

గిత్త గారూ, ఆగస్టు మీదే, మాటిచ్చాను.

ఉదయగిరి మాస్టారు | 9:41

1904 పక్కన "ఒంగోలు తాలూకా నెల్లూరు నుంచి గుంటూరుకు" అని పూర్తిగా రాయించమ్మా. లేకపోతే గిత్త గారు వచ్చి చెరిపేస్తారు.

ఒంగోలు గిత్త | 9:43

రాయించండి, నేనే పెన్ను కొనిస్తా.

సూళ్లూరుపేటోడు | 9:50

టీచరమ్మా, ఒక్క మాట. 9వ తారీఖు దగ్గర రాకెట్ గీయమంటే పిల్లలు తెలిసినదే గీసేస్తారు, లావుపాటి పీఎస్‌ఎల్‌వీ. రోహిణి-125 పేరులోని 125 దాని వ్యాసం, మిల్లీమీటర్లలో. అంటే పన్నెండున్నర సెంటీమీటర్లే. వృత్తలేఖినితో చార్టు మీద అసలు సైజులోనే గుండ్రంగా గీసి, "మన మొదటి రాకెట్ ఇంతే లావు" అని రాయించండి. చేత్తో కొలుచుకుని చూస్తారు.